బొంతలోని చిత్రకారిణి

1955లో అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ రౌషెన్‌బర్గ్ ఒక పాత బొంతను, దిండును, దుప్పటిని చెక్కకు బిగించి, వాటి మీద రంగులు కుమ్మరించి గోడకు నిలబెట్టాడు. 'బెడ్' అనే ఆ కృతి న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. సామగ్రి పట్టీలో బొంత ఉంది. దాన్ని కుట్టిన మనిషి పేరు లేదు. అంతకు పదమూడేళ్ల ముందే, 1942లో, అలబామా రాష్ట్రం జీస్ బెండ్ పల్లెలో మిస్సోరి పెట్‌వే అనే నల్లజాతి మహిళ చనిపోయిన తన భర్త పనిబట్టలతో ఒక బొంత కుట్టింది. ఆ ఊరి బొంతలకు దేశమంతా పేరు రావడానికి 2002లో హ్యూస్టన్ మ్యూజియం ప్రదర్శన దాకా పట్టింది. పారేయాల్సిన గుడ్డతో కళ సృష్టించడం ఆధునికుల కొత్త ఊహ అని ఇప్పటికీ రాస్తున్నారు. ఆ విద్య బొంత కుట్టేవాళ్లది. కళాకారులన్న గుర్తింపు మొదట దక్కాల్సిందీ వాళ్లకే.

వాళ్లు చలికి కప్పుకోవడానికి కుట్టుకున్నారు గానీ కళ కోసం కాదు కదా అని అడుగుతారు. అవసరం నిజమే. జీస్ బెండ్ ఒకప్పటి పత్తి తోట. అక్కడివాళ్లు బానిసల వారసులు, పెట్‌వే అన్నది కూడా తోట యజమాని ఇంటిపేరే. అయితే చలి ఆగడానికి మందం చాలు. వెలిసిన నీలం పక్కన ఏ ఎరుపు పడాలో, ఏ పట్టీ ఎక్కడ వంకర తిరగాలో చలి చెప్పదు. జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు నీలం మచ్చను దాచకుండా బొంత నడుమ కనపడేలా ఉంచారంటే అది కంటి నిర్ణయం. మిస్సోరి కూడా భర్త జ్ఞాపకం కోసమే ఆ బొంత కుట్టిందని ఆమె కూతురు చెప్పింది. ఇంకో రుజువు కార్డురాయ్ అనే చారల మందపు గుడ్డ. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972 నుంచి సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టిచ్చారు. అక్కడ ప్రతి గలీబూ ఒక్క కొలతకు రావాలి. మిగిలిన ముక్కలు ఇళ్లకు చేరాక మాత్రం, అదే గుడ్డతో ఎవరి బొంత వాళ్లది అయింది.

గోడకెక్కిస్తే బొంత బతుకు పోతుందన్న మాటలో కొంత న్యాయముంది. కానీ కప్పుకున్న బొంత ఎలాగూ అరిగి, చిరిగి, చివరికి కాళ్లు తుడుచుకునే గుడ్డగా పోతుంది. కొన్నయినా దాచకపోతే ఈ కళకు సాక్ష్యమే ఉండదు. అసలు గట్టి అభ్యంతరం డబ్బు గురించి. 2006లో అమెరికా తపాలా శాఖ జీస్ బెండ్ బొంతలతో పది స్టాంపులు వేసింది. మరుసటి ఏడాదే ఆ బొంతల మీద తమకు రావాల్సింది రాలేదని ముగ్గురు జీస్ బెండ్ మహిళలు కోర్టుకెక్కారు. 2008లో ఆ కేసులు రాజీతో ముగిశాయి. ప్రశంస ఒకరికి, లాభం ఇంకొకరికి అయితే దాన్ని గౌరవమని పిలవకూడదు. పాత బొంతలు కొని, కోసి, కొత్త కృతులు చేసే నేటి కళాకారులకూ ఇదే వర్తిస్తుంది: బొంత ఎవరిదో వెతకడం కూడా వాళ్ల పనిలో భాగమే.

మన ఇళ్లలోనూ పైనా కిందా పాత నేత చీరలు, నడుమ చిరిగిన పంచెలు, లుంగీలు పరిచి బారులుగా కుట్టిన బొంతలున్నాయి. అమ్మమ్మో నాయనమ్మో కుట్టిన బొంత మీ అటక మీద ఉంటే కిందికి దించండి. ఎవరి చీర ఏదో తెలిసినవాళ్లు ఉండగానే అడగండి. ఆమె పేరు, ఊరు, కుట్టిన ఏడాది ఒక మూల దారంతో కుట్టి పెట్టండి.