మన ఊరి జవాను పేరు ఎక్కడుంది?

మొన్న అలిపిరి మెట్ల దగ్గర షూట్ చేస్తుంటే ఒక పెద్దాయన అడిగినారు: "మా అన్న శ్రీలంకలో పోయినాడు నాయనా, ఆయన పేరు యాడన్నా రాసినారా?"

రాసుండాలి. అది వాళ్ల అంతర్యుద్ధం. 1987 జులైలో ఒప్పందం కుదిరి మన శాంతి సేన వెళ్లింది. అక్టోబరుకల్లా ఎల్‌టీటీఈతోనే పోరు మొదలైంది. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది లేరు. మద్రాసులో దిగినవాళ్లకి స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లనే లేదు.

కొలంబో పక్కన మాత్రం వాళ్ల పేర్లతో స్మారకం ఉంది. ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలోనూ ఉన్నాయి, దాని వెబ్‌సైట్‌లో వెతకొచ్చు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక్క అక్షరం మారినా దొరక్కపోవచ్చు (సెర్చ్ సంగతి నాకు తెలుసు కదా), అందుకే పెన్షన్ కాగితంలో పేరు ఎలా ఉందో చూడండి. పెద్దాయన ఫొటో తీసి పంపుతానన్నారు. వస్తే నెక్స్ట్ ఎపిసోడ్‌లో చెప్తా.