మానసిక దృఢత్వం

మానసిక దృఢత్వం అనగా ఒత్తిడి, ఓటమి, గాయం, అలసట, నిరీక్షణ వంటి ప్రతికూల పరిస్థితులలో కూడా మనిషి తనకు ఉన్న శక్తిసామర్థ్యాలను పూర్తిగా వినియోగించుకోగలగడం. క్రీడలలో ఉన్నత స్థాయికి చేరిన పోటీదారుల మధ్య శారీరక బలంలో తేడా చాలా స్వల్పంగా ఉంటుంది. అటువంటి చోట గెలుపు ఓటములను మనసు నిర్ణయించే సందర్భాలు ఎక్కువ. పరీక్షలు, ఉద్యోగం, వ్యవసాయం, కుటుంబ బాధ్యతలు మొదలైన వాటిలోనూ ఈ గుణం అవసరమవుతుంది. ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలు బరువులెత్తే క్రీడకు పేరుపొందినవి. ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఇక్కడి క్రీడాకారుల జీవితాలు మంచి ఉదాహరణలు.

నిర్వచనం

మానసిక దృఢత్వం అంటే భయం లేకపోవడం కాదు, బాధను దాచుకోవడం కూడా కాదు. భయం కలిగినా చేయవలసిన పనిపై దృష్టి నిలపగలగడమే దీని ముఖ్య లక్షణం. 2002లో బ్రిటన్‌కు చెందిన పీటర్ క్లఫ్, అతని సహచరులు దీనిని నాలుగు అంశాలుగా విభజించారు. అవి:

* నియంత్రణ – తన భావోద్వేగాలు, తన పరిస్థితి కొంతవరకైనా తన చేతిలో ఉన్నాయన్న భావన.
* నిబద్ధత – తలపెట్టిన పనిని మధ్యలో విడిచిపెట్టకపోవడం.
* సవాలు – కష్టాన్ని ప్రమాదంగా కాక అవకాశంగా చూడటం.
* ఆత్మవిశ్వాసం – తన నైపుణ్యంపైన, ఇతరులతో మెలగగలగడంపైన నమ్మకం.

ఈ గుణం పుట్టుకతో రావాలని చాలామంది భావిస్తారు. స్వభావంలో కొంత భాగం జన్మతః వచ్చినా, మిగిలినది శిక్షణ వల్ల, అనుభవం వల్ల, చుట్టూ ఉన్నవారి ఆదరణ వల్ల పెరుగుతుందని పరిశోధకులు చెబుతారు. కండరాల వలెనే మనసుకూ క్రమమైన సాధన, తగినంత విశ్రాంతి అవసరం.

చరిత్ర

తెలుగునాట మల్లవిద్య, సాము గరిడీలు, కర్రసాము నేర్పే తాలింఖానాలలో దేహబలంతో పాటు ఊపిరిపై అదుపు, ఆహార నియమం, గురువు పట్ల వినయం కూడా శిక్షణలో భాగంగా ఉండేవి. వీరఘట్టంలో జన్మించి విజయనగరంలో పెరిగిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు ఈ సంప్రదాయానికి చెందినవాడు. (వీరఘట్టం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది.) వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేసి, తరువాత సర్కస్ కంపెనీ నెలకొల్పి, ఛాతీకి చుట్టిన గొలుసును ఊపిరి బిగించి తెంచడం, ఛాతీపై ఏనుగును నిలుపుకోవడం వంటి ప్రదర్శనలతో "కలియుగ భీముడు"గా ప్రసిద్ధి చెందాడు. తన బలానికి ప్రాణాయామ సాధన ముఖ్య కారణమని ఆయన నమ్మేవాడు. కాలికి శస్త్రచికిత్స జరిగినప్పుడు మత్తుమందు తీసుకోకుండా ప్రాణాయామంతోనే నొప్పిని భరించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. శ్రీకాకుళం పట్టణంలోని క్రీడా మైదానానికి ఆయన పేరు పెట్టారు.

ఆధునిక కాలంలో క్రీడా మనస్తత్వశాస్త్రం ప్రత్యేక శాఖగా రూపొందింది. 1908లో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ ఎలుకలపై చేసిన ప్రయోగాల నుండి ఉద్వేగానికి, పనితీరుకు గల సంబంధం గురించిన సూత్రం వెలువడింది. ఉద్వేగం మరీ తక్కువైతే బద్ధకం, మరీ ఎక్కువైతే తడబాటు కలుగుతాయి. మధ్యస్థంగా ఉన్నప్పుడే పని బాగా సాగుతుంది. పని ఎంత క్లిష్టమైనదైతే అంత తక్కువ ఉద్వేగం చాలు. 1925లో అమెరికాలోని ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో కోల్మన్ గ్రిఫిత్ క్రీడాకారుల మనస్తత్వ పరిశోధనకై ప్రయోగశాలను నెలకొల్పాడు. 1977లో ఆల్బర్ట్ బందూరా "ఈ పని నేను చేయగలను" అన్న నమ్మకం ఎలా ఏర్పడుతుందో వివరించాడు. అతని ప్రకారం ఆ నమ్మకానికి అన్నింటికంటే బలమైన ఆధారం స్వయంగా సాధించిన చిన్న చిన్న విజయాలు. తనవంటి వారు సాధించగా చూడటం, నమ్మదగినవారి ప్రోత్సాహం, శరీరస్థితి ఆ తరువాతివి.

కరణం మల్లేశ్వరి ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి, శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న వద్ద సాధన ప్రారంభించింది. ఆమె అక్కచెల్లెళ్ళు కూడా ఈ క్రీడను అభ్యసించారు. ఆడపిల్లలు బరువులెత్తడం వింతగా చూసే రోజులలో తల్లి ఇచ్చిన అండ ఆమెకు బలమైంది. 1994లో ఇస్తాంబుల్‌లోను, 1995లో చైనాలోని గ్వాంగ్‌జౌలోను జరిగిన ప్రపంచ పోటీలలో ఆమె విజేతగా నిలిచింది.

ఒలింపిక్ క్రీడలలో మహిళల వెయిట్ లిఫ్టింగ్‌ను మొదటిసారిగా 2000లో సిడ్నీలో ప్రవేశపెట్టారు. మల్లేశ్వరి ప్రపంచ విజేత అయినది 54 కిలోల విభాగంలో. సిడ్నీలో పోటీ పడినది 69 కిలోల విభాగంలో. ఆమె ఎంపికపై దేశంలో విమర్శలు కూడా వచ్చాయి. 2000 సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలుచుకొంది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ క్రీడలలో భారతదేశానికి లభించిన పతకం అదొక్కటే.

స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి లిన్ వీనింగ్, రజతం గెలిచిన హంగరీ క్రీడాకారిణి ఎర్జెబెట్ మార్కుస్ ఇద్దరూ మొత్తం 242.5 కిలోలు ఎత్తారు. అంటే మల్లేశ్వరికి, స్వర్ణానికి మధ్య ఉన్న తేడా 2.5 కిలోలు మాత్రమే. చివరి ప్రయత్నంలో ఆమె 137.5 కిలోలకు పూనుకొని విఫలమైంది. దానిని ఎత్తి ఉంటే స్వర్ణం ఆమెదే. 132.5 కిలోలతో మొత్తం సమానమయ్యేది, 135 కిలోలతో ఆధిక్యం వచ్చేది అని తరువాత లెక్క కట్టడం తేలిక. కాని వేదికపైకి పిలుపు వచ్చిన తరువాత పోటీదారుకు నిమిషం వ్యవధి మాత్రమే ఉంటుంది. ఎంత బరువు అడగాలన్న నిర్ణయం అంతకు ముందే, అసంపూర్ణమైన సమాచారంతో తీసుకోవలసి వస్తుంది.

ఈ సంఘటన నుండి రెండు విషయాలు తెలుస్తాయి. మొదటిది, ఫలితాన్ని బట్టి మాత్రమే నిర్ణయం మంచిచెడ్డలను తూచరాదు. రెండవది, విమర్శలు, విభాగం మార్పు, మొదటి ఒలింపిక్ వేదిక వంటి ఒత్తిళ్ళ నడుమ 130 కిలోలను ఎత్తగలగడం అంతకు ముందు పన్నెండేళ్ళకు పైగా సాగిన సాధన ఫలితం; ఆ ఒక్కనాటి ఆవేశం కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తరువాత ఆమె పోటీల నుండి విరమించింది. 2021లో ఢిల్లీ క్రీడా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా నియమితురాలైంది.

కొండవెలగాడ

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ గ్రామం వెయిట్ లిఫ్టర్ల గ్రామంగా పేరుపొందింది. ఈ గ్రామానికి చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలుచుకొంది. స్వర్ణం పొందిన నైజీరియా క్రీడాకారిణి నిషిద్ధ ఔషధ పరీక్షలో పట్టుబడటంతో ఆ కాంస్యం రజతంగా మారింది.

ఒక చిన్న గ్రామం నుండి ఇంతమంది క్రీడాకారులు రావడానికి కారణాన్ని బందూరా సిద్ధాంతంతో కొంతవరకు వివరించవచ్చు. పక్క వీధి అక్క పతకంతో తిరిగి రావడం కళ్ళారా చూసిన పిల్లకు ఆ దారి తనకూ సాధ్యమే అనిపిస్తుంది. కాబట్టి మానసిక దృఢత్వం వ్యక్తికి మాత్రమే చెందినది కాదు. ఊరు, వ్యాయామశాల, గురువు, కుటుంబం కలిసి పెంచే గుణం అది.

సాధన పద్ధతులు

క్రీడా మనస్తత్వ నిపుణులు ఎక్కువగా సూచించే పద్ధతులు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

* లక్ష్య నిర్ణయం: "పతకం గెలవాలి" అన్నది ఫలిత లక్ష్యం, అది ఇతరులపై కూడా ఆధారపడుతుంది. "ఈ నెలలో ఎత్తే తీరును సరిదిద్దుకోవాలి" అన్నది ప్రక్రియా లక్ష్యం. అది పూర్తిగా తన చేతిలో ఉంటుంది. రెండూ అవసరమే కాని, రోజువారీ సాధనకు రెండవదే ఆధారం.
* మనోచిత్రణ: చేయబోయే పనిని మనసులో దృశ్యంగా ఊహించుకోవడం. ఇనుప కడ్డీ చల్లదనం, అరచేతికి రాసుకున్న పొడి, ఊపిరి, పాదాల స్థానం – వీటన్నిటితో ఊహించినపుడు ఫలితం మెరుగు. ఇది అసలు సాధనకు తోడు మాత్రమే, దానికి బదులు కాదు.
* స్వగతం: తనతో తాను చెప్పుకొనే మాటలు. "పడిపోకూడదు" అనుకొంటే మనసు పడిపోవడం మీదకే పోతుంది. "నడుము నిటారుగా" వంటి పొట్టి ఆదేశం చేయవలసిన పనిని చూపిస్తుంది.
* శ్వాస నియంత్రణ: నెమ్మదిగా, ముఖ్యంగా దీర్ఘంగా ఊపిరి విడవడం వలన గుండె వేగం తగ్గి ఆందోళన ఉపశమిస్తుంది. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో ప్రచురించిన కండరాల సడలింపు పద్ధతి కూడా ఇందుకు ఉపయోగపడుతుంది.
* పూర్వక్రమం: ప్రతి ప్రయత్నానికి ముందు ఒకే వరుసలో చేసే చిన్న పనులు. క్రొత్త ప్రదేశంలో కూడా పరిచితమైన భావన కలిగిస్తాయి.
* ముందస్తు ప్రణాళిక: 1999లో పీటర్ గోల్‌విట్జర్ వివరించిన "ఇలా జరిగితే అలా చేస్తాను" అన్న పద్ధతి. ఉదాహరణకు, "మొదటి ప్రయత్నం విఫలమైతే కూర్చొని మూడు దీర్ఘ శ్వాసలు తీసుకొంటాను" అని ముందే నిశ్చయించుకోవడం.
* సమీక్ష: పోటీ తరువాత ఏమి బాగా జరిగింది, ఏమి మార్చుకోవాలి అని దినచర్య పుస్తకంలో వ్రాసుకోవడం.

నిత్య జీవితంలో

పై పద్ధతులు విద్యార్థులకూ వర్తిస్తాయి. ఇంటర్మీడియట్ పరీక్షకు సిద్ధమయ్యే విద్యార్థి ర్యాంకును గురించి తలచుకోవడం కంటే, ఆ రోజు చదవవలసిన పాఠాన్ని లక్ష్యంగా పెట్టుకోవడం, గడియారం పెట్టుకొని పాత ప్రశ్నపత్రాలు వ్రాయడం, తెలియని ప్రశ్న వస్తే ఏమి చేయాలో ముందే నిర్ణయించుకోవడం మేలు. ఒత్తిడిని ఇంటి వద్దనే కొద్దికొద్దిగా అలవాటు చేసుకొన్నవారు పరీక్షా మందిరంలో తక్కువగా తడబడతారు.

దీర్ఘకాలిక ఓర్పు మరొక రకమైన దృఢత్వం. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క నాటిన తరువాత కాపు అందుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. తిరిగి మొక్క నాటిన రైతుకు అవసరమైనది క్షణికావేశం కాదు, ఫలితం కనబడని కాలాన్ని గడపగల శక్తి. అయితే అటువంటి శక్తి నిలబడాలంటే నష్టపరిహారం, అప్పు వెసులుబాటు, ఇరుగుపొరుగు సాయం కూడా కావాలి. ధైర్యవచనాలు వీటికి ప్రత్యామ్నాయం కావు.

పరిమితులు, విమర్శలు

"గట్టి మనసు ఉంటే ఏదైనా సాధ్యం" అన్న అభిప్రాయం పూర్తిగా సరికాదు. పట్టుదలపై ఏంజెలా డక్‌వర్త్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన ఎంతో ప్రచారం పొందింది. కాని 2017లో అనేక అధ్యయనాలను కలిపి చేసిన సమీక్షలో, ఆ గుణం మనస్తత్వశాస్త్రంలో చాలా కాలంగా తెలిసిన కర్తవ్యదీక్షకు దాదాపు సమానమేనని, విజయంతో దాని సంబంధం అనుకొన్నంత బలమైనది కాదని తేలింది. పౌష్టికాహారం, మంచి శిక్షకుడు, పరికరాలు, ప్రయాణ ఖర్చులు లేని చోట ఓటమిని మనోబలహీనతగా చూపడం అన్యాయం.

నొప్పిని ఓర్చుకోవడమే దృఢత్వం అన్న భావన కూడా ప్రమాదకరమే. గాయాన్ని దాచి బరువులెత్తితే క్రీడాజీవితమే ముగియవచ్చు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, గాలిలో తన శరీర స్థితిని గుర్తించలేకపోతున్నానని తెలుసుకొని పలు అంశాల నుండి తప్పుకొంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు తిరిగి వచ్చి మూడు స్వర్ణ పతకాలు గెలిచింది. ఆగవలసిన చోట ఆగడం కూడా దృఢత్వంలో భాగమేనని ఈ ఉదంతం తెలుపుతుంది.

నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, దేనిపైనా ఆసక్తి లేకపోవడం, బ్రతుకు మీద విరక్తి వంటి లక్షణాలు రెండు వారాలకు మించి ఉంటే వైద్యుని సంప్రదించాలి. ఆత్మహత్య ఆలోచనలు వస్తే క్షణమైనా ఆలస్యం చేయరాదు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవను 14416 నంబరుపై ఉచితంగా పొందవచ్చు. తెలుగులో కూడా మాట్లాడవచ్చు. సహాయం అడగడం బలహీనత కాదు. శిక్షకుని సలహా అడిగిన క్రీడాకారుని వంటిదే ఇది కూడా.

ఇవి కూడా చూడండి

* కరణం మల్లేశ్వరి
* కోడి రామ్మూర్తి నాయుడు
* కొండవెలగాడ
* వెయిట్ లిఫ్టింగ్
* ప్రాణాయామం
* మనస్తత్వశాస్త్రం