‘లిట్టర్’ శబ్దార్థ విచారము

ఆంగ్లభాషలో ‘లిట్టర్’ అను శబ్దమునకు, బాటలపైఁ బాఱవేసిన కాగితములు, సీసాలు, సంచులు మున్నగు చెత్త యను నర్థము నేఁడు మిక్కిలి ప్రసిద్ధము. అంతమాత్రమున నీ శబ్దము కనఁబడిన ప్రతిస్థలమునను ‘చెత్త’ యని తెనిఁగించుట తగదు. చెత్త యను నర్థము దీనికిఁ గడపట వచ్చినది.

దీనికి మూలము లాటినుభాషలోని ‘లెక్టస్’ అను పదము. పడక యని దాని యర్థము. అది ఫ్రెంచి ద్వారమున రూపుమాఱి 1300 ప్రాంతమున నాంగ్లమును జేరెను. తొలుత పడకయు, మనుష్యులు గాని పశువులు గాని మోయు పడకయు, అనఁగా డోలీ పల్లకుల వంటివి, ఈ శబ్దముచేఁ జెప్పఁబడెను. 1611లో వెలువడిన యాంగ్ల బైబిలున యెషయా గ్రంథమునందు నీ యర్థమే కలదు. గాయపడినవారిని మోయు సాధనమునకు అమెరికా సైన్యమున నేఁటికిని నిదియే పేరు.

పిమ్మటఁ బశువుల పడకకై పఱచు గడ్డి యను నర్థము కలిగెను. ఆ గడ్డిపై నొక్క యీతలోఁ బుట్టిన పంది, కుక్క మున్నగువాని పిల్లలకు 15వ శతాబ్దిలో నీ పేరు వచ్చెను. చెదరిన గడ్డిని బోలి చిందరవందరగాఁ బడియున్న వస్తువులు 18వ శతాబ్దిలో లిట్టరయ్యెను.

గడ్డికిని చెత్తకును నిట్టి చుట్టఱికము తెలుఁగునను గలదు. ‘కసవు’ పశువులు మేయు గడ్డియు నగును, ఇల్లాలు ఊడ్చివేయు తుక్కును నగును.

ఈ భేదము నెఱుఁగకున్నఁ గలుగు హాని పాఠ్యగ్రంథములందు విశేషముగాఁ గనఁబడును. అడవినేలపై రాలి పేరుకొన్న యాకులను శాస్త్రజ్ఞులు ఆకుల లిట్టరందురు. అవి కుళ్లి మట్టికి సత్తువ నిచ్చును. దీనిని ‘ఆకుచెత్త’ యన్నచో, ఊడ్చి తగులఁబెట్టవలసినదని బాలురు తలఁపవచ్చును. కోళ్లపాకలోఁ బఱచు వరిపొట్టును లిట్టరే. కోళ్లు విడిచిన రెట్టతోఁ గలిసి యది పొలమునకు మంచి యెరువగును. అక్కడఁ జెత్త యను మాట రైతునకే నవ్వు పుట్టించును.

కావున మోయుదానికి డోలీ, కొట్టమునఁ బఱపుగడ్డి, పిల్లల విషయమున ఈత, అడవియందు రాలుటాకులు, వీథియందే చెత్త యని సందర్భము ననుసరించి తెనిఁగించుట యుక్తము. నిఘంటుకర్తలు నీ యర్థములను బుట్టిన వరుసనే చూపినచో, విద్యార్థులకు వాని సంబంధము సులభముగా బోధపడును.