భాగాలు పెరిగితే బాధ్యతా పెరుగుతుంది

నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలలో వరి విస్తరించింది. ఆ వరి వెంటే బియ్యం మిల్లులూ వెలిశాయి. కోతల కాలంలో మిల్లు ఒక్కరోజు ఆగినా ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరుతాయి. తేమ ఆరని ధాన్యం కుప్పలోనే వేడెక్కి రంగు మారుతుంది. ఆ నష్టం రైతు ఇంటిని తాకుతుంది. పెద్దల నాటి రోలూ రోకలీ ఎన్నడూ మొరాయించలేదు. ఇంత ఖరీదైన యంత్రాలు ఎందుకు ఆగిపోతున్నాయి?

రోకలికి కావలసింది చేతి బలమే. నేటి మిల్లులో జల్లెడ, రాళ్లు ఏరే యంత్రం, పొట్టు తీసే రబ్బరు రోలర్లు, పాలిష్ యంత్రం, రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ గొలుసుకట్టుగా పనిచేస్తాయి. ఒక బెల్టు తెగినా, ఒక బేరింగు అరిగినా వరుసంతా నిలిచిపోతుంది.

దీని వెనుక సులువైన లెక్క ఉంది. ఒక భాగం 100 రోజులలో 99 రోజులు చక్కగా నడుస్తుందనుకుందాం. అటువంటివి 10 ఒకదానిపై ఒకటి ఆధారపడితే, మొత్తం యంత్రం సుమారు 90 రోజులే నడుస్తుంది. 100 భాగాలైతే సుమారు 37 రోజులే! ఈ గుణకార సూత్రం జర్మన్ ఇంజనీరు రాబర్ట్ లుస్సర్ పేరుతో ప్రసిద్ధమైంది.

అలాగని మళ్లీ రోకలి పట్టమని మేము అనడం లేదు. ఆ దంపుడులో మన తల్లులు పడిన శ్రమ తక్కువది కాదు. సంక్లిష్టత దానంతటదే దోషం కాదు. మానవ శరీరాన్ని మించిన సంక్లిష్ట నిర్మాణం ఏముంది? అయినా అల్లాహ్ మనకు రెండు మూత్రపిండాలు ప్రసాదించాడు. ఒకటి చెడినా రెండవదానితో మనిషి జీవించగలడు. గాయం మానే గుణాన్నీ శరీరంలోనే ఉంచాడు. ప్రయాణికుల పెద్ద విమానాలకు ఒకటికి మించి ఇంజన్లు అమర్చడంలోని వివేకమూ ఇదే.

కాబట్టి సూర్యాపేట దుకాణంలో వాషింగ్ మెషీన్ కొన్నా, మస్జిదులో వుజూ నీటికి మోటారు బిగించినా, ముందుగా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులోని హంగులన్నీ మనకు అవసరమా? చెడితే బాగుచేసేవారు, విడిభాగాలు మన ఊళ్లో దొరుకుతాయా? ఆగిన రోజు ప్రత్యామ్నాయం ఏమిటి? మోటారుతోపాటు నీళ్ల ట్యాంకు ఉంటే నమాజీలకు ఆ పూట ఇబ్బంది ఉండదు.

ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయాలని దైవప్రవక్త (స) బోధించారు. నూనె వేయడం, అరిగిన బెల్టును తెగకముందే మార్చడం మన కాలపు ఒంటెను కట్టివేయడమే. మిల్లు యజమాని చేతిలోని యంత్రం రైతు కష్టార్జితానికి అమానత్ కూడా.