ఆడపడుచులు లేని పంచాయితీ

తొలకరి దగ్గరపడితే చాలు, గ్రామాలలో గట్టు తగాదాలు మొదలవుతాయి. ఆ మధ్య ఒక గ్రామంలో ఇద్దరు అన్నదమ్ములు, గతించిన తండ్రిగారి పేర ఉన్న 6 ఎకరాలను పంచుకోవడంలో గొడవపడి మమ్మల్ని పిలిపించారు. మస్జిదు వరండాలో పెద్దలు కూర్చున్నారు. పొరుగు పొలం హిందూ రైతు సోదరుణ్ణి కూడా పిలిచారు. మంచి పని చేశారు. హద్దురాళ్ల సంగతి ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. చెరి 3 ఎకరాలకు రాజీ కుదిరింది. సంతకాల వేళ, “తండ్రిగారికి కుమార్తెలు లేరా?” అని అడిగాము. ఇద్దరున్నారు. వారిని ఎవరూ పిలవలేదు!

“పెళ్లిళ్లు ఘనంగా చేశాము, వారు అడగరు” అన్నారు. అడగకపోవడం వేరు, వదులుకోవడం వేరు. ఆస్తి కొద్దిదైనా గొప్పదైనా అందులో స్త్రీకి వాటా ఉందని నిసా సూరా స్పష్టం చేసింది. తల్లి కూడా లేదు, తీర్చవలసిన అప్పులూ లేవు. అలాంటప్పుడు కుమారులకు రెండేసి, కుమార్తెలకు ఒక్కొక్కటి చొప్పున ఆస్తి 6 భాగాలవుతుంది. అంటే వారు పంచుకోబోతున్న దానిలో 2 ఎకరాలు వారివి కానే కావు.

ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. సాక్ష్యాలు లేని పాత వారసత్వం గురించి ఇద్దరు వాదులాడుకుంటూ వచ్చారు. తాను విన్నదానిని బట్టే తీర్పు చెబుతానని, సోదరుని హక్కు తనకు దక్కినా తీసుకున్నవాడు నిప్పుకణికను తీసుకున్నట్లేనని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇద్దరూ ఏడ్చి, నా వాటా నీదేనన్నారు. న్యాయంగా పంచుకుని, చీట్లు వేసుకుని, ఒకరినొకరు మన్నించుకోమని ఆయన చెప్పారు. రాజీ చేసే మా బోటివారు ఈ హదీసును ముందు తమకు తామే వినిపించుకోవాలి.

రాజీ నోటిమాటగానూ మిగలరాదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం లోక్ అదాలత్ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టం స్థానిక పెద్దల మధ్యవర్తిత్వానికి చోటిచ్చింది గాని, అక్కడి ఒప్పందం డిక్రీగా అమలు కాదు. కనుక ఊరిలో కుదిరినదానిని లోక్ అదాలత్ ముందుంచడం క్షేమం.

ఆనాడు సంతకాలు ఆగిపోయాయి. చిన్నవాడు మా సలాముకు పొడిగా బదులిచ్చి వెళ్లిపోయాడు. మరుసటి శుక్రవారం అక్కచెల్లెళ్లు వచ్చారు. ఒకరు తన వాటాకు ధర కట్టి సొమ్ము ఇమ్మన్నారు. రెండవవారు బావి పక్క ఎకరమే కావాలన్నారు. అన్నదమ్ములు ఒప్పుకున్నారు, బావికి వెళ్లే బాట ఎవరి వాటాలోకి రావాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. వచ్చే నెల సర్వేయరు కొలతకు వస్తున్నాడు. నలుగురినీ పొలం వద్దకే రమ్మన్నాము.