టైమింగ్ చైన్ మార్చారా? కిక్ కొట్టే ముందు ఒక్క నిమిషం!

పాత స్ప్లెండర్‌లో హెడ్ దగ్గర గరగరమని సౌండ్ వస్తోందా? టైమింగ్ చైన్ సాగిందేమో చూడాలి. కొత్త చైన్ వేసేటప్పుడు టెన్షనర్, రోలర్లు కూడా అరిగాయేమో చెక్ చేయండి.

ముందు మాగ్నెట్ మీద 'టి' గీతని కేసు మీద గుర్తుకి కలపండి. అప్పుడు పైన క్యామ్ స్ప్రాకెట్ మీద సున్నా గుర్తు హెడ్ మీదున్న గాటుకి ఎదురుగా రావాలి. ఒక్క పన్ను తేడా వచ్చినా పికప్ పోతుంది. ఇంకా తప్పితే వాల్వు పిస్టన్‌కి తగిలి వంగిపోవచ్చు.

అందుకే బిగించగానే కిక్ కొట్టకండి. ప్లగ్ తీసేసి, ఇంజిన్ తిరిగే వైపుకే మాగ్నెట్‌ని చేత్తో 2 రౌండ్లు తిప్పండి. కింద 2 తిరిగితే పైన క్యామ్ 1 తిరుగుతుంది కదా, గుర్తులు మళ్లీ కలవాలి. మధ్యలో పట్టేస్తే బలవంతం చేయొద్దు, మళ్లీ విప్పండి. అరగంట పోతే పోయింది, ఇంజిన్ మిగులుతుంది.