పీసీ ఆన్ అవ్వట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఎక్కడ ఆగిందో చూడండి

డెస్క్‌టాప్ మొరాయిస్తే మన దగ్గర వినిపించే తీర్పులు రెండే. ఒకటి "మదర్‌బోర్డు పోయింది", రెండోది "ఫార్మాట్ కొట్టాలి". మొదటి మాట నమ్మితే డబ్బులు పోతాయి, రెండో మాట నమ్మితే డేటా పోతుంది. చాలాసార్లు ఈ రెండింటిలో ఏదీ అక్కర్లేదు.

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి విండోస్ వచ్చేదాకా పీసీ నాలుగు మెట్లు ఎక్కుతుంది. కరెంటు అందుకోవడం, తనని తాను పరీక్షించుకోవడం, డిస్క్ వెతుక్కోవడం, విండోస్ లోడ్ చేయడం. ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే సగం రిపేర్ అయిపోయినట్టే. ఆఫీసులో సర్వర్ పడిపోతే మేం చేసేది కూడా ఇదే. ముందు లాగ్‌లో ఆఖరి లైన్ ఏంటో చూస్తాం, ఆ తర్వాతే చెయ్యి పెడతాం.

ఒక్క మాట. మన ఊళ్లలో మొత్తం డబ్బానే సీపీయూ అంటాం. ఇక్కడ మాత్రం ఆ డబ్బాని క్యాబినెట్ అంటాను. సీపీయూ అంటే లోపల ఉండే ప్రాసెసర్.

మొదటి మెట్టు: అసలు చలనమే లేదు

లైట్ వెలగదు, ఫ్యాన్ తిరగదు. అంటే కరెంటు దగ్గరే ఏదో తేడా ఉంది. స్క్రూడ్రైవర్ తియ్యకముందే ఇవి చూడండి.

గోడ సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టండి. ఫోన్ చార్జ్ అయితే సాకెట్ బాగానే ఉంది. మధ్యలో ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్, యూపీఎస్ రెండూ పక్కన పెట్టి క్యాబినెట్‌ని నేరుగా గోడకి కలపండి. బ్యాటరీ అయిపోయిన యూపీఎస్ వల్ల ఆగిపోయి, పీసీ మీద నింద పడే కేసులు చాలా ఉంటాయి. వెనకాల ఎస్ఎంపీఎస్ మీద చిన్న స్విచ్ ఉంటుంది, ఇల్లు ఊడ్చేటప్పుడు ఎవరి చెయ్యో తగిలి ఆఫ్ అయ్యుండొచ్చు. మానిటర్ పవర్ కేబుల్ కూడా చాలావరకు అదే రకం కాబట్టి మార్చి చూడండి.

అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసేసి, పవర్ బటన్‌ని 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన చార్జ్ పోతుంది. మళ్లీ పెట్టి చూడండి.

ఎస్ఎంపీఎస్ బతికుందో లేదో చూడటానికి పాత పద్ధతి ఒకటుంది. ముందు ప్లగ్ తీయాలి. మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల కనెక్టర్ ఊడదీసి, అందులో ఆకుపచ్చ వైరునీ, పక్కనున్న ఏదో ఒక నల్ల వైరునీ చిన్న వైరు ముక్కతో కలపాలి. ఆ తర్వాతే ప్లగ్ పెట్టాలి. ఫ్యాన్ తిరిగితే ఎస్ఎంపీఎస్‌లో ప్రాణం ఉంది. పూర్తిగా బాగుందని మాత్రం కాదు, లోడ్ పడ్డాక వోల్టేజ్ నిలబడుతుందో లేదో దీంతో తెలియదు. కొన్ని బ్రాండెడ్ పీసీల్లో కనెక్టర్లు వేరుగా ఉంటాయి, వాటి మీద ఈ ప్రయోగం వద్దు.

ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి. మన 230 వోల్టుల కరెంటు లోపల డీసీగా మారాక దాదాపు 325 వోల్టులు అవుతుంది. ప్లగ్ తీశాక కూడా కెపాసిటర్లలో కొంతసేపు అది నిలవ ఉంటుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? చాలామంది "ఎస్ఎంపీఎస్ లీక్ అవుతోంది" అని మార్చేస్తారు. ఎక్కువసార్లు లోపం ఇంటి ఎర్తింగ్‌లో ఉంటుంది. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కొద్దిపాటి కరెంటుని ఎర్త్‌కి పంపేలా తయారుచేస్తారు. ఎర్త్ లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే ఉండిపోయి మన వేలికి తగులుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి, పీసీతో పాటు మీకూ మంచిది.

రెండో మెట్టు: ఫ్యాన్లు తిరుగుతాయి, స్క్రీన్ మాత్రం నలుపు

ఇక్కడ పీసీ "పోస్ట్" అనే స్వీయ పరీక్ష దగ్గర ఆగింది. ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే ఉన్నాయో లేవో చూసుకునే దశ ఇది.

మొదట హెచ్‌డీఎంఐ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ కార్డుకే పెట్టాలి. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ లాంటి పేరు చివర "ఎఫ్" ఉన్న ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ ఉండదు, మదర్‌బోర్డు పోర్టుకి పెడితే ఎంతసేపు చూసినా బొమ్మ రాదు.

తర్వాత ర్యామ్. ప్లగ్ తీసి, ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు పళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు మొత్తం తుడిచి, క్లిప్ టక్కుమనేదాకా నొక్కి పెట్టండి. ఇదేదో నాటు వైద్యంలా అనిపిస్తుంది కానీ దీనికి కారణం ఉంది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. ఆ పళ్ల మీద సన్నటి పొర కడితే కాంటాక్ట్ సరిగ్గా అందదు. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కటే పెట్టి, స్లాట్ మార్చి మార్చి చూడండి.

కొత్త మదర్‌బోర్డుల్లో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి అలాగే ఉండిపోయిందో అక్కడే తేడా. పాత బోర్డులు బీప్‌ల రూపంలో చెబుతాయి. బయాస్ తయారుచేసిన కంపెనీని బట్టి ఆ లెక్క మారుతుంది, మీ బోర్డు మాన్యువల్‌తోనే పోల్చుకోండి.

డీడీఆర్5 ర్యామ్ కొత్తగా వేసినవాళ్లకి ఒక మాట. మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గట్టు సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. కంగారుపడి మధ్యలో ఆపేయకండి.

మూడో మెట్టు: డిస్క్ కనపడటం లేదంటోంది

నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలతో "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అని వస్తుంది. ఫార్మాట్ తీర్పు ఎక్కువగా వినిపించేది ఇక్కడే.

చల్లపల్లిలో మా మావయ్యకి ఎరువుల షాపు ఉంది. అక్కడి డెస్క్‌టాప్‌కి పదేళ్లు పైనే. మొదట్నుంచీ ఉన్న హార్డ్ డిస్క్‌లో టాలీ లెక్కలు, రైతుల ఖాతాలు ఉన్నాయి. తర్వాత స్పీడ్ కోసం ఎస్ఎస్‌డీ వేయించి విండోస్ దాని మీదకి మార్చారు. ఖరీఫ్ సీజన్ మధ్యలో ఒక పొద్దున ఈ మెసేజ్ వచ్చింది. చూసిన టెక్నీషియన్ "హార్డ్ డిస్క్‌లో విండోస్ ఎగిరిపోయింది, ఫార్మాట్ చేసి కొత్తది ఎక్కిస్తాను" అన్నాడట. మావయ్య నాకు ఫోన్ చేశాడు.

"అల్లుడూ, విండోస్ పోతే పోయింది గానీ, ఎవరు ఎంత బాకీ ఉన్నారో మొత్తం అందులోనే ఉందిరా."

"మావయ్యా, నేనొచ్చేదాకా దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకండి" అని చెప్పి, బెజవాడ నుంచి పామర్రు మీదుగా బస్సులో వెళ్లాను.

డిలీట్ కీ నొక్కుతూ బయాస్‌లోకి వెళ్తే మొదటి పేజీలోనే సమాధానం ఉంది. తేదీ 2013 జనవరి 1 చూపిస్తోంది. డిస్కులు మాత్రం రెండూ కనపడుతున్నాయి. అంటే ఏ డిస్కూ పోలేదు.

"ఈ మధ్య టైమ్ తప్పు చూపిస్తోందా మావయ్యా?"

"రోజూ పొద్దున్నే అదే గోల. జీఎస్టీ సైటు కూడా తెరుచుకోదు, టైమ్ మార్చాకే వస్తుంది."

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది. పీసీ ఆఫ్‌లో ఉన్నా గడియారం నడిచేది దానివల్లే. పాత బోర్డుల్లో బయాస్ సెట్టింగులు గుర్తుండేది కూడా దాని వల్లే. గోడ స్విచ్ ఆన్‌లో ఉంటే ఆ పని ఎస్ఎంపీఎస్ చూసుకుంటుంది, బ్యాటరీ పెద్దగా ఖర్చవదు. షాపులో రోజూ రాత్రి తాళం వేసేముందు మెయిన్ ఆపేస్తారు. అలా ఏళ్ల తరబడి భారం బ్యాటరీ మీదే పడింది. అది పూర్తిగా అయిపోయేసరికి సెట్టింగులు మొదటికి వచ్చేశాయి, బూట్ వరసలో విండోస్ లేని పాత హార్డ్ డిస్క్ ముందుకొచ్చింది. పీసీ దాని దగ్గరికి వెళ్లి విండోస్ కోసం వెతికి, లేదంటోంది. అంతే.

ఫార్మాట్ చేసుంటే పోయేది సరిగ్గా ఆ డిస్కే. లెక్కలున్న డిస్కు.

అయినా బ్యాటరీ ముట్టుకునేముందు ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, టాలీ ఫోల్డర్ మొత్తం ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఏ రిపేరుకైనా ముందు డేటా బయటికి తీయాలి. ఆ తర్వాత కొత్త బ్యాటరీ వేసి, తేదీ సరిచేసి, బూట్ వరసలో ఎస్ఎస్‌డీని మొదట పెట్టాను. విండోస్ వచ్చింది. ఖర్చు యాభై రూపాయల లోపే.

బయాస్‌లో డిస్క్ అసలు కనపడకపోతే కథ వేరు. అప్పుడు సాటా కేబుల్, పవర్ కేబుల్ మార్చి చూడండి. హార్డ్ డిస్క్ టిక్కు టిక్కుమంటుంటే వెంటనే ఆపేయండి. ఆన్ చేసిన ప్రతిసారీ డేటా మిగిలే అవకాశం తగ్గుతుంది.

నాలుగో మెట్టు: లోగో వస్తుంది, అక్కడే తిరుగుతుంది

లోగో దాకా వచ్చిందంటే హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే. 2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్ దగ్గర ఆగిపోయాయి. మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. పరిష్కారం ఏంటంటే, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఒక్క ఫైల్ డిలీట్ చేయడం. ఫార్మాట్ కాదు.

వరసగా రెండుసార్లు బూట్ ఫెయిలైతే విండోస్ 10, 11 సాధారణంగా వాటంతటవే రిపేర్ మెనూ చూపిస్తాయి. అందులో స్టార్టప్ రిపేర్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, సేఫ్ మోడ్ ఈ వరసలో ప్రయత్నించండి. రీసెట్ ఆప్షన్ ఆఖరికి.

విండోస్ 11 వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. మీ డిస్క్ బిట్‌లాకర్‌తో లాక్ అయి ఉండొచ్చు. బయాస్ సెట్టింగులు మారితే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ డేటా మీకే అందదు. పీసీ బాగున్నప్పుడే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి.

నీళ్లలో మునిగిన పీసీ

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు మునిగినప్పుడు ఎన్నో పీసీలు నీళ్లలో ఉన్నాయి. అలాంటి పీసీని "ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనుకోవద్దు. తడి బోర్డుకి కరెంటు ఇస్తే బతికే భాగాలు కూడా కాలిపోతాయి. డిస్క్ విడిగా తీయండి. మామూలు హార్డ్ డిస్క్‌కి గాలి రంధ్రం ఉంటుంది, నీళ్లు లోపలికి వెళ్లొచ్చు. అందుకే దాన్ని డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వాలి.

ఈ ఆదివారం ఒక గంట

మీ పీసీ ఇప్పుడు బాగానే పనిచేస్తోందా? అయితే నాలుగు పనులు చేయండి. బయాస్‌లో బూట్ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు ఎక్కించి పక్కన పెట్టండి. పీసీ కొని ఐదేళ్లు దాటి, గడియారం వెనకబడుతుంటే సీఆర్2032 మార్చేయండి. ముఖ్యమైన ఫైళ్లు ఇంకో చోట కూడా దాచండి. మీ ఇంట్లో పీసీ ఆగిపోతే నలుగురూ పిలిచేది మిమ్మల్నే. అప్పుడు "మదర్‌బోర్డు పోయిందేమో" అనకుండా, "ఎక్కడ ఆగింది?" అని అడగండి.